షుగర్ బిళ్ళ గుండె మందు ఎలా అయ్యింది?

హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న నాన్నకి డాక్టర్ డాపాగ్లిఫ్లోజిన్ అని ఒక బిళ్ళ రాస్తారు. మనం ఫోన్‌లో వెతికితే "షుగర్ మందు" అని వస్తుంది. నాన్నకి షుగర్ లేదే! పొరపాటున రాశారేమో అని ఆపేసేవాళ్ళూ ఉంటారు. ఆపకండి, అది పొరపాటు కాదు. దీని వెనక దాదాపు రెండు వందల ఏళ్ళ కథ ఉంది.

1835లో యూరప్ కెమిస్టులు ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి ఫ్లోరిజిన్ అనే పదార్థం తీశారు. చేదుగా ఉంది కాబట్టి క్వినైన్ లాగా జ్వరానికి పనికొస్తుందనుకున్నారు. 1886లో జర్మన్ డాక్టర్ ఫాన్ మేరింగ్ దాన్ని కుక్కలకి ఇస్తే మూత్రంలో చక్కెర పడింది. ఎందుకంటే, మన కిడ్నీలు రోజుకి సుమారు 180 గ్రాముల గ్లూకోజ్ వడగట్టి, మళ్ళీ దాదాపు మొత్తం రక్తంలోకి లాగేసుకుంటాయి. ఫ్లోరిజిన్ ఆ దారి మూసేస్తుంది. అయితే మింగితే పేగుల్లోనే విరిగిపోతుంది, అందుకే మందు కాలేకపోయింది. (ఆపిల్ పండ్లు తింటే చాలా అని అడక్కండి, చాలదు!) దాన్ని మార్చుకుంటూ పోతే, 2012లో యూరప్‌లో డాపాగ్లిఫ్లోజిన్‌కి అనుమతి వచ్చింది. అప్పటికి అది షుగర్ మందే.

అసలు మలుపు ఇంకో మందు వల్ల వచ్చింది. రోసిగ్లిటాజోన్ అనే షుగర్ బిళ్ళ గుండెపోటు ముప్పు పెంచుతోందని 2007లో ఒక విశ్లేషణ వచ్చి పెద్ద గొడవైంది. దాంతో 2008లో అమెరికా ఎఫ్‌డీఏ, కొత్త షుగర్ మందు ఏదైనా గుండెకి హాని చేయదని చూపించాల్సిందే అంది. కంపెనీలకి ఇది బోలెడు ఖర్చు. సరే, హాని లేదని చూపిద్దామని ఎంపాగ్లిఫ్లోజిన్‌ని 7,020 మంది షుగర్ పేషెంట్లతో పరీక్షించారు. 2015 సెప్టెంబర్‌లో, స్టాక్‌హోమ్‌లో ఫలితాలు చెప్పారు. గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు 38 శాతం, హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆస్పత్రిలో చేరడం 35 శాతం తక్కువ! హాని కోసం వెతికితే మేలు దొరికింది. నన్నడిగితే, ఈ కథలో హీరో ఆ విసుగు పుట్టించే రూలే.

మరి షుగర్ లేనివాళ్ళ సంగతి? 2019లో గుండె పంపింగ్ తగ్గిన 4,744 మందికి డాపాగ్లిఫ్లోజిన్ పరీక్ష జరిగింది. అందులో సగానికి పైగా షుగర్ లేనివాళ్ళే. గుండె జబ్బుతో చనిపోవడం, హార్ట్ ఫెయిల్యూర్ ముదరడం కలిపి చూస్తే ముప్పు 26 శాతం తగ్గింది, షుగర్ ఉన్నా లేకపోయినా. 2020 మేలో ఎఫ్‌డీఏ దాన్ని గుండె మందుగా ఒప్పుకుంది. ఎలా పనిచేస్తుందన్న వాదన ఇంకా తెగలేదు. ఒంట్లో ఉప్పు, నీరు బయటికి పోవడం ఒక్కటే కారణం కాదంటారు.

ఇక ధర. మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025 మార్చిలో ముగిశాయి. ఒకప్పుడు అరవై రూపాయల దాకా ఉన్న ఎంపాగ్లిఫ్లోజిన్ బిళ్ళ ఇప్పుడు కొన్ని బ్రాండ్లలో పది రూపాయలకే దొరుకుతోంది.