పేస్‌మేకరూ, విమానాశ్రయం గేటూ

ఒంటిమిట్టలో ఉండే మా నాయనకు పేస్‌మేకర్ పెట్టించి రెండేళ్ళయింది. మనవరాలిని చూడ్డానికి రమ్మంటే, "ఆ గేట్లో దూరితే గుండె నిలబడిపోతాదేమో రా" అంటాడు. సరే, అసలు సంగతేంటో చూద్దామని చరిత్ర తవ్వాను.

ఒంటి లోపల మొట్టమొదటి పేస్‌మేకర్ పెట్టింది 1958 అక్టోబరు 8న, స్వీడన్లో. తయారుచేసింది రూనే ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజనీరు, అమర్చింది ఓకె సెన్నింగ్ అనే సర్జన్. అది కొన్ని గంటలకే ఆగిపోయింది. అయినా పెట్టించుకున్న ఆర్నె లార్సన్ ఇరవైకి పైగా పరికరాలు మార్చుకుని 2001 దాకా బతికాడు!

హైజాకింగులు పెరిగిపోయి, అమెరికాలో ప్రయాణీకులందరినీ తనిఖీ చెయ్యడం 1973 జనవరిలో మొదలైంది. తొలి పేస్‌మేకర్లకు ఎపాక్సీ పూతే గతి. డెబ్భైల్లో టైటానియం తొడుగు వచ్చాక బయటి విద్యుదయస్కాంత బెడద బాగా తగ్గింది. అంచేత ఇప్పుడు గేటుని మామూలు నడకతో దాటెయ్యొచ్చు, ఆనుకుని నిలబడకూడదంతే. చేతి డిటెక్టర్‌ని మాత్రం పరికరం మీద ఎక్కువసేపు ఉంచనివ్వకూడదు. కార్డు చూపించి, చేత్తో తడిమి చూడమని అడగొచ్చు. గేటు కూసినా కంగారొద్దు. అది కూసేది లోహానికి, గుండెకు కాదు.

ఇదంతా ఫోన్లో చెప్పా. "గంటల్లో ఆగిపోయినా ఆ మనిషి బతికినాడా?" అన్నాడు. కాసేపాగి, "పాస్‌పోర్టుకు ఏమేం కాయితాలు కావాల రా?" అని అడిగాడు.