మూడు పాళ్లు మా ఇనుము

బాలానగర్‌లో ఒక హీట్ ట్రీట్‌మెంట్ షాపులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. అక్కడ నాకు ప్రాణమైన కొలిమి ఫ్లూయిడైజ్డ్ బెడ్. అల్యూమినా పొడి కిందినుంచి నైట్రోజన్ ఊదితే పొడంతా ఎసరులా కుతకుతలాడుతుంది. డైని దించితే నీళ్లలో మునిగినట్టే మునుగుతుంది. ఎటుపక్క చూసినా ఒకటే వేడి, ఉక్కుకు గాలి సోకదు. 1920లలో జర్మనీలో ఫ్రిట్జ్ వింక్లర్ బొగ్గును గ్యాసు చేయడానికి పెట్టిన పద్ధతి ఇది, ఉక్కు పనికి తర్వాత వచ్చింది.

ఉక్కు పని మా ప్రాంతానికి కొత్త కాదు. మాది మెట్‌పల్లి. పొరుగునే నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం. డమాస్కస్ కత్తులకు ఉక్కు పంపిన ఊరు. సర్వే శాఖ వైద్యుడు హెన్రీ వాయ్సీ అక్కడ ఉక్కు చేసే పని కళ్లారా చూసి రాసిపెట్టాడు. ఆయన 1824లో పోయాక, 1832లో అది కలకత్తాలో అచ్చయింది. రెండు రకాల ఇనుము కలిపేవారట: మిర్త్‌పల్లిది మూడు పాళ్లు, కొండాపూర్‌ది రెండు. మొదటిది అయస్కాంతానికి అంటుకునే నల్ల ఇసుకను కరిగించి తీసింది. ఆ మిర్త్‌పల్లి మా ఊరేనని నా నమ్మకం.

ఈ ఉక్కు అనగానే అందరూ ఇనుము కరిగించే మూస గురించే చెబుతారు. వడ్ల పొట్టు కలిపిన మట్టి మూస, తిత్తులు, ఇరవైనాలుగు గంటల మంట. నిజమే, గొప్ప పనే. కానీ మూసలోంచి వచ్చిన ముద్ద అలాగే సుత్తి కింద పెడితే పగులుతుంది. అందులో కర్బనం నూటికి ఒకటిన్నర వంతు దాకా ఉంటుంది మరి. అందుకే ముద్దకు మట్టి పూసి, 12 నుంచి 16 గంటలు కొలిమిలో మగ్గబెట్టేవారు. చల్లార్చి మళ్లీ మగ్గబెట్టేవారు. లొంగకపోతే మూడోసారి, నాలుగోసారి కూడా. నేను నైట్రోజన్‌తో చేసిన కాపలా వాళ్లు ఆ మట్టిపూతతో చేశారనే అనుకుంటాను. వేడి మీటరు లేదు, కంటికి కనిపించే రంగే కొలత.

ఇస్ఫహాన్ వర్తకుడు హాజీ హోసేన్ అక్కడే మకాం పెట్టి, ఇనుము పాళ్లు తానే తూచి, ముద్ద గట్టితనం తానే పరీక్షించుకునేవాడని వాయ్సీ రాశాడు. తమ దేశంలో ఎంత ప్రయత్నించినా ఈ ఉక్కు రాలేదని ఆ వర్తకుడే చెప్పాడట. అంత దూరం నుంచి వచ్చినవాడికి పని విలువ తెలిసింది. ఆ ఉక్కు చేసిన కమ్మరుల పేరు మాత్రం నాకు ఒక్కటీ కాగితం మీద కనబడలేదు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

కోనసముద్రం చేల గట్ల మీద చిట్టెం రాళ్లతో పాటు మూస పెంకులు దొరుకుతాయి. లోపలివైపు గాజులా నిగనిగలాడుతుంది. విరిగిన అంచు మీద వడ్లపొట్టు అచ్చులు గింజ గింజగా లెక్కపెట్టొచ్చు.