సిలిండరుపై రెండు పచ్చలు

మన వంటయిండ్లలోని డబ్బాలపై పేర్లు వ్రాసి అంటించు అలవాటు అంతగా లేదు. మూత తీసినచో అందున్నది కందిపప్పో పెసరపప్పో కన్ను చెప్పును. కిరసనాయిలో నీళ్ళో ముక్కు చెప్పును. ఉప్పో పంచదారయో నాలుక చెప్పును. ఈ సాక్షులు మువ్వురును మూగవోవు పదార్థమొకటి కలదు. అది గాలి. సిలిండరులో దట్టించిన మామూలు గాలికిని, ప్రాణవాయువు హెచ్చుగా కలిపిన గాలికిని రంగున గాని, వాసనయందు గాని, రుచియందు గాని భేదము లేదు. దానిని వీపున కట్టుకొని సముద్రములో మునుగువానికి మాత్రము ఆ భేదము ప్రాణముతో సమానము. దానిని సిలిండరుపై వ్రాసి చూపు ఆచారము ఎట్లు పుట్టినదో నేటి ప్రసంగములో మనవి చేయుదును.

మనము పీల్చు గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళు. మిగిలినదానిలో అధికభాగము నత్రజని. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతునకును ఒత్తిడి సుమారు ఒక వాతావరణము చొప్పున పెరుగును. ఆ ఒత్తిడికి నత్రజని రక్తములోను కండరములలోను కరగును. మునిగినవాడు తొందరపడి పైకి వచ్చినచో, గోలీసోడా కొట్టినప్పుడు బుస్సున పొంగునట్లు, అది బుడగలై వెలువడును. కీళ్ళ బాధ, పక్షవాతము, ఒక్కొక్కప్పుడు మరణము దీని ఫలితములు. ఈ రహస్యమును స్పష్టము చేసినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్. 1878లో ప్రకటించిన గ్రంథములో ఆయన మరియొక వింతయు చెప్పెను: ఒత్తిడి మితిమీరినచో ప్రాణవాయువే విషమై మూర్ఛలు కలిగించును. అతిగా తిన్నచో అమృతమైనను విషమే యను సామెత ఇచ్చట అక్షరాల నిజమైనది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942 మొదలుకొని, బ్రిటిషు నౌకాదళ వైద్యుడు కెన్నెత్ డొనాల్డ్ తమంతట ముందుకు వచ్చిన మునుగువారిపై వందలకొలది పరీక్షలు జరిపెను. 1947లో ఆయన వెల్లడించిన ఫలితములు భయము గొలుపునవి. ఒకడు తట్టుకొనిన లోతున మరియొకడు మూర్ఛిల్లును. అంతకన్న విచిత్రము, నేడు తట్టుకొనినవాడే రేపు తట్టుకొనలేకపోవును. మూర్ఛకు ముందు సూచనయే లేకపోవచ్చును. నీటిలో మూర్ఛ వచ్చినవాని నోటినుండి ఊపిరిగొట్టము జారిపోవును; పిమ్మట చెప్పవలసినది లేదు. ఈ చరిత్రలో నాకు ముఖ్యముగా తోచిన సంగతి యిదియే. శరీరము హెచ్చరించదు గనుక, హెచ్చరిక శరీరమునకు వెలుపల వ్రాసియుండవలెను.

అట్లైనచో ప్రాణవాయువును హెచ్చుగా కలుపుట ఎందులకు? అది హెచ్చిన మేరకు నత్రజని తగ్గును. నత్రజని తగ్గినచో మితమైన లోతున ఎక్కువసేపు పనిచేయవచ్చును. అమెరికా ప్రభుత్వపు సముద్ర, వాతావరణ సంస్థయగు నోవాలో మోర్గన్ వెల్స్ నూటికి 32 పాళ్ళ మిశ్రమమునకు పద్ధతులు ఏర్పరచెను. అవి 1979లో ఆ సంస్థ మునుగుడు గ్రంథమున అచ్చయ్యెను. నాటి పట్టికల ప్రకారము 60 అడుగుల లోతున మామూలు గాలితో 60 నిమిషములుండి, దారిలో ఆగకయే పైకి రావచ్చును. ఈ మిశ్రమముతోనైనచో 100 నిమిషములు ఉండవచ్చును.

అంతవరకు దీనిని వాడినవారు చాలవరకు ఒక్క సంస్థలోని ఉద్యోగులు. నింపినవాడును పీల్చువాడును ఒకరినొకరు ఎరిగినవారే. 1985లో నోవా మాజీ ఉద్యోగి డిక్ రుట్కోవ్‌స్కీ ఒక సంఘమును స్థాపించి, వినోదమునకై మునుగువారికిని ఈ విద్య నేర్పసాగెను. దీనిని దయ్యపు వాయువని నిందించినవారును కలరు. బ్రిటిషు సబ్ ఆక్వా క్లబ్బు కొంతకాలము నిషేధించి, 1995లో అనుమతించెను. 1996లో ప్యాడి సంస్థ తన శిక్షణలో చేర్చుకొనెను. దానితో దుకాణములలో రెండు విధములైన గాలులు ఒక్క వరుసలో నిలిచెను. గుర్తు యొక్క అవసరము అచ్చటనే తీవ్రమయ్యెను.

ఆ గుర్తు ఇట్టిది. పసుపుపచ్చని సిలిండరు, దాని భుజము క్రింద నాలుగంగుళముల ఆకుపచ్చని పట్టీ, పట్టీపై నైట్రాక్స్ అను పేరు. సిలిండరు వేరు రంగుదైనచో ఆకుపచ్చకు పైనను క్రిందను ఒక్కొక్క అంగుళము పసుపు గీత. మన భాషలో ఈ రెండు రంగులకును పచ్చ యను మాట చెల్లును. ఏ పచ్చయో విడమరచి చెప్పవలెను. రంగులను నమ్ముటలోని చిక్కు ఇందే కానవచ్చును. అమెరికాలో ప్రాణవాయువునకు ఆకుపచ్చ గుర్తు. మన వైద్యశాలలలో నల్లని ఒడలికి తెల్లని భుజము గల సిలిండర్లను శ్రోతలు చూచియుందురు. పైగా రంగు ఇది మామూలు గాలి కాదని మాత్రమే చెప్పును. అందు ప్రాణవాయువు ఎంతయో చెప్పదు.

ఆ పని ఒక చిన్న చీటీది. ప్రాణవాయువు పాళ్ళు, దిగదగిన గరిష్ఠపు లోతు, పరీక్షించిన తేది, పరీక్షించినవాని పేరు లేదా పొడి అక్షరములు దానిపై నుండును. లోతు కట్టు లెక్క సులభము. నీటిలో ప్రాణవాయువు వంతు ఒత్తిడి 1.4 బార్లకు మించరాదని సాధారణ నియమము. 1.4ను 0.32 చేత భాగింపగా సుమారు 4.37 వచ్చును. అందు నీటిపైనున్న గాలి ఒత్తిడి క్రింద ఒకటి తీసివేసి, పదిచేత గుణింపగా 33 మీటర్లు, పై చిల్లర. 36 పాళ్ళ మిశ్రమమునకు 28 మీటర్లే. ఆ మిశ్రమమును మామూలు గాలియని భ్రమించి 40 మీటర్లు దిగినచో ఒత్తిడి 1.8 బార్లగును, అది మూర్ఛకు ద్వారము. మామూలు గాలిని 32 పాళ్ళ మిశ్రమమని నమ్మి ఎక్కువసేపు ఉన్నచో ముప్పు నత్రజని వైపునుండి వచ్చును. తప్పు ఏ వైపు జరిగినను శిక్ష తప్పదు.

ఈ చీటీ అమ్మువాని బాధ్యతయే యని నేను మొదట తలచితిని. మందుసీసాపై పేరు మందుల దుకాణమువాడే గదా అంటించును! కాని ఇచ్చటి ధర్మము వేరు. పీల్చువాడు తానే కొలయంత్రమును చేతబట్టవలెను. మొదట దానిని బయటి గాలికి చూపి 20.9 దగ్గర నిలిపి, పిదప సిలిండరులోని గాలిని దానిపై మెల్లగా విడిచి, అంకె కదలక నిలుచువరకు వేచి, ఆ అంకెను తన చేతితో వ్రాయవలెను. నింపినవాని పుస్తకములో చేవ్రాలు చేయవలెను. మరల నింపినప్పుడు పాత చీటీని పెరికి, కొత్తగా కొలిచి వ్రాయవలెను. ఏలయన నిన్నటి నిజము చెరపక విడిచినచో నేడు అబద్ధమగును.

పాల్ బేర్ నుండి నేటివరకు నూటనలువది యేండ్లకు పైబడిన శాస్త్రము, పలువురి మూర్ఛలు, కొందరి మరణములు కలిసి వచ్చి చేరినది ఈ జానెడు చీటీపైకే. దానిపైని సంతకమును నేను సాక్ష్యముగా భావింతును. తాను పీల్చబోవు గాలిని గూర్చి తానే విచారించి, తానే వ్రాసి, తానే దానికి కట్టుబడుట. నీటిలో దిగిన పిదప అడుగుటకు మనిషి ఉండడు, చదువుటకు ఆ వ్రాత మాత్రమే ఉండును.