స్టాక్‌హోమ్ పాతబస్తీలో ఒక పూట



రేడియోలో మాట్లాడేవాళ్లకు ఒక లోటు ఉంటుందండీ. మన మాట ఎవరు వింటున్నారో మనకు కనిపించదు. పోపు వేస్తూ వింటున్నారో, పిల్లకు జడ వేస్తూ వింటున్నారో, సగంలోనే కట్టేశారో! ఇన్నాళ్లూ అలా కనిపించని వాళ్లతో మాట్లాడిన నేను, కిందటి వేసవిలో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఒక పూటంతా కనిపించని మనిషి మాట వింటూ నడిచాను. ఆ ముచ్చటే ఇవాళ మీకు చెబుదామని.

మా చెల్లెలి కాపురం ఆ ఊళ్లోనే. పగలంతా దానికి ఉద్యోగం. "ఇంట్లో ఒక్కదానివీ ఏం కూర్చుంటావక్కా, పాతబస్తీ చూసిరా" అంటూ నా సెల్‌ఫోనులోకి ఒక నడకదారి పటాన్నీ, దానికి తగిన వ్యాఖ్యానాన్నీ ఎక్కించి ఇచ్చింది. పటం మీద ఒకటి, రెండు, మూడు అని గుర్తులుంటాయి. ఆ గుర్తు దగ్గరకు చేరి నొక్కితే అక్కడి కథ చెవిలో వినిపిస్తుంది. గైడు గొడుగు వెనక గుంపులో పరుగులు తీయనక్కరలేదు. కాళ్లు నొప్పి పుడితే ఆపుకోవచ్చు. అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకోవచ్చు. నాది మెట్రిక్ ఇంగ్లీషు కనుక ఆ తిప్పుకునే సదుపాయం నాకు మహోపకారం చేసింది. "ఒక చెవికే తగిలించుకో, రెండో చెవి సైకిళ్లకు వదిలెయ్" అని మాత్రం చెల్లెలు మరీ మరీ హెచ్చరించింది. పెళ్లయ్యాక ఏ ఊరు వెళ్లినా ఎవరో ఒకరి వెనకాల నడవడమే గాని, నా ఇష్టం వచ్చిన చోట ఆగుతూ ఊరు చూడడం నాకు అదే మొదలు.

స్టాక్‌హోమ్ 14 దీవుల మీద కట్టిన నగరం. ఒక పక్క మేలరెన్ సరస్సు మంచినీళ్లు, ఇంకో పక్క బాల్టిక్ సముద్రపు ఉప్పునీళ్లు. ఆ రెంటికీ నడుమ ఉన్న దీవి మీద పాతబస్తీ. దాన్ని వాళ్లు గామ్లా స్టాన్ అంటారు. అందులో 36 మెట్లున్న ఒక సందు, ఇరుకైన చోట 90 సెంటీమీటర్లే వెడల్పు. ఎదురుగా ఎవరైనా వస్తే ఒకరు గోడకు ఒత్తిగిలవలసిందే. ఆ మెట్లెక్కి ఇంకొన్ని సందులు దాటి నడిబొడ్డున ఉన్న పెద్ద కూడలికి చేరాను. ఎర్రని ఇళ్లు, పసుపుపచ్చని ఇళ్లు, కాఫీ తాగుతున్న జనం. ఒక పక్క నోబెల్ మ్యూజియం. మన రవీంద్రులకు 1913లోనూ, సి.వి. రామన్ గారికి 1930లోనూ బహుమానమిచ్చిన ఊరు కదా అని సంబరపడుతూ బల్ల మీద కూర్చున్నాను. అప్పుడు చెవిలో ఆ కూడలి కథ మొదలయింది.

1397లో డెన్మార్కు రాణి మార్గరెట్ చొరవతో డెన్మార్కు, నార్వే, స్వీడన్ మూడూ ఒకే కిరీటం కిందికి వచ్చాయి. స్వీడన్‌లో చాలామందికి అది మింగుడుపడలేదు. 1520లో డెన్మార్కు రాజు రెండో క్రిస్టియాన్ సైన్యంతో వచ్చి స్వీడన్‌ను లోబరుచుకున్నాడు. నవంబరులో ఈ కూడలిలోనే 80 మందికి పైగా తలలు తీయించాడు. చనిపోయినవారిలో ఒకాయన కొడుకు గుస్తావ్ వాసా తిరుగుబాటు లేవదీసి, 1523 జూన్ 6న రాజుగా ఎన్నికయ్యాడు. ఆ తేదీనే వాళ్లు జాతీయ దినంగా జరుపుకుంటారు. వ్యాఖ్యానంలో ఇదంతా వాద్యసంగీతంతో సహా వచ్చింది. మధ్యలో ఒకే ఒక్క వాక్యం, "పాలకుని వితంతువు కోటను అప్పగించింది" అని.

ఎవరీవిడ? వెనక్కి తిప్పాను. మూడుసార్లు విన్నాను. అంతకు మించి ఒక్క మాట లేదు. మర్నాడు లైబ్రరీ నుంచి ఇంగ్లీషు చరిత్ర పుస్తకం తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకు కూర్చున్నాను.

ఆవిడ పేరు క్రిస్టీనా యిల్లెన్‌షేర్నా. 1494లో పుట్టింది. భర్త స్టేన్ స్టూరె స్వీడన్ పాలకుడు. 1520 జనవరిలో గడ్డకట్టిన సరస్సు మీద జరిగిన యుద్ధంలో గాయపడి, ఫిబ్రవరిలో కన్నుమూశాడు. చిన్నపిల్లల తల్లి, పాతికేళ్ల మనిషి, ఏడుస్తూ కూర్చోలేదు. స్టాక్‌హోమ్ తలుపులు మూయించి, సెప్టెంబరు దాకా నగరాన్ని నిలబెట్టింది. చివరకు రాజు, "జరిగిందంతా క్షమిస్తున్నాను, ఎవరికీ హాని చేయను" అని రాసిచ్చిన మీదటే అప్పగించింది.

నవంబరు 4న పెద్ద చర్చిలో రాజుకు పట్టాభిషేకం. మూడు రోజులు విందులు. ఆ తర్వాత కోట తలుపులు మూసుకున్నాయి. ఆర్చిబిషప్ గుస్తావ్ ట్రోలె లేచి, తనను పదవి నుంచి తోసినవాళ్లంతా మతద్రోహులని ఆరోపించాడు. రాజు క్షమించినా మతద్రోహానికి క్షమాపణ వర్తించదట! మాట తప్పడానికి అలా దారి దొరికింది. అప్పుడు క్రిస్టీనా 1517 నాటి తీర్మానాన్ని బయట పెట్టింది. ఆర్చిబిషప్పును తొలగించింది నా భర్త ఒక్కడే కాదు, అందరూ కలిసి ముద్రలు వేసిన నిర్ణయమిది అని చూపించబోయింది. నిజం కాపాడుతుందనుకుంది పాపం! ఆ కాగితం మీది ముద్రలే నేరస్థుల జాబితా అయ్యాయి. లింకోపింగ్ బిషప్ బ్రాస్క్ మాత్రం తన మైనపు ముద్ర కింద "బలవంతం మీద చేస్తున్నాను" అని చీటీ దాచి ఉంచి బయటపడ్డాడని చెప్పుకుంటారు. ముందుజాగ్రత్తగా తగిలించే మాటను స్వీడన్‌వాళ్లు ఇప్పటికీ "బ్రాస్క్ చీటీ" అంటారు.

మర్నాడు కూడలిలో తలలు తెగాయి. క్రిస్టీనా భర్త శవాన్ని సైతం తవ్వితీసి తగలబెట్టారు. ఆవిడను కోపెన్‌హాగెన్ చెరకు పంపారు. ఇంకో సంగతి చెప్పనా? ఆ తర్వాత రాజయిన గుస్తావ్ వాసాకు ఈవిడ స్వయానా పిన్ని. ఇద్దరక్కచెల్లెళ్లకూ తల్లి ఒకతే, తండ్రులు వేరు. గుస్తావ్ తల్లి డెన్మార్కు చెరలోనే ప్రాణం విడిచింది. క్రిస్టీనా 1524లో తిరిగివచ్చి, 1559 దాకా బ్రతికింది.

ఇదంతా చదివాక మళ్లీ ఆ కూడలికి వెళ్లాను, ఈసారి చెవికి ఏమీ తగిలించుకోకుండానే. అక్కడొక ఎర్రయింటి గోడకు తెల్లరాళ్లున్నాయి. ఒక్కో రాయి ఒక్కో తలకు గుర్తని చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది గాని, ఆ ఇంటికి ఆ రూపు వచ్చింది 17వ శతాబ్దంలో. రాళ్లకు కూడా మనుషులు కథలు కట్టగలరన్నమాట. అక్కడినుంచి రాజప్రాసాదం బయటి ఆవరణలోకి వెళ్తే క్రిస్టీనా విగ్రహం కనిపించింది. నేను నిలబడ్డ ఆ కాసేపట్లో దాని దగ్గర ఇంకెవ్వరూ ఆగలేదు.

నాకు ఆ వ్యాఖ్యాత మీద కోపం రాలేదండీ. చేతిలో కొద్ది నిమిషాలే ఉంటే ఎవరినో ఒకరిని కుదించక తప్పదు. నేనూ ఈ మైకు ముందు ఎందరిని అలా ఒక్క వాక్యంలో దాటేశానో! రాజుల పేర్లు తేదీలతో సహా చెప్పి, "ఆయన భార్య" అని ఊరుకున్న సందర్భాలు నాకే గుర్తున్నాయి. రేడియోకు వెనక్కి తిప్పే బొత్తాం లేదు. అందుచేత నా మాటల్లో ఏ ఇల్లాలైనా పేరు లేకుండా పోతే, "ఎవరండీ ఆవిడ?" అని ఒక ఉత్తరం ముక్క రాయండి. వెతికి, మళ్లీ వచ్చి చెబుతాను.

సెలవు.