కాల్పుల తర్వాత రెండు వాదాలు: ఆయుధ నియంత్రణ, విద్వేషం – పశ్చిమ ప్రకాశం నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కాల్పులు జరిగిన ప్రతిసారీ బహిరంగ చర్చ రెండుగా చీలుతుంది. ఒక పక్షం తుపాకుల చట్టాన్ని నిలదీస్తుంది. మరో పక్షం హంతకుడి పుట్టుకను, మతాన్ని, మనఃస్థితిని వెదుకుతుంది. ఓలేథ (2017), క్రైస్ట్‌చర్చ్ (2019), ఆలెన్ (2023) ఘటనల్లో తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లినవారు ప్రాణాలు కోల్పోయారు. ఆ మూడింటి తర్వాత సాగిన చర్చలను ఈ వ్యాసం పోల్చి చూస్తుంది. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాలకు ఆయుధాలతో ఉన్న సొంత అనుభవాన్ని వాటి పక్కన పెడుతుంది. ఎవరిని చంపాలో ద్వేషం చెబుతుంది, ఎంతమందిని చంపగలరో ఆయుధం తేలుస్తుంది. కాబట్టి ఒకదాని పేరు చెప్పి రెండోదాన్ని దాటవేసే ఏ చర్చా ప్రాణాలు కాపాడలేదన్నది ఇందులోని ప్రతిపాదన.

1. ఈ ప్రశ్న ఇక్కడ ఎందుకు

పశ్చిమ ప్రకాశం వలసల నేల. వానమీద ఆధారపడ్డ సేద్యం, ఫ్లోరైడ్ నీళ్లు, ఏళ్ల తరబడి ఎదురుచూపుల్లో ఉన్న వెలుగొండ ప్రాజెక్టు కలిసి ఇక్కడి జనాన్ని ముందు హైదరాబాద్‌కు, బెంగళూరుకు పంపాయి. ఆ తర్వాతి తరం ఇంజనీరింగ్ పట్టాలతో అమెరికా దారి పట్టింది. అమెరికాలో కాల్పులంటూ టీవీలో స్క్రోలింగ్ రాగానే ఈ ఊళ్లలో తల్లిదండ్రులు ముందు పిల్లలకు ఫోన్ చేస్తారు. క్షేమమని తెలిశాక నోటికొచ్చే ప్రశ్న ‘కాల్చిందెవడు?’ అని. ‘వాడికి తుపాకి ఎలా వచ్చింది?’ అనే ప్రశ్న అంత తొందరగా రాదు. అమెరికా చట్టసభల్లోనూ చర్చ చాలాసార్లు ఈ వరుసలోనే నడుస్తుంది.

రెండు దేశాల మధ్య తేడా సామాన్యమైనది కాదు. స్మాల్ ఆర్మ్స్ సర్వే సంస్థ 2018లో ప్రకటించిన అంచనా ప్రకారం అమెరికాలో పౌరుల చేతుల్లో 39 కోట్లకు పైగా తుపాకులున్నాయి, నూరుమందికి 120. భారతదేశంలో సుమారు 7.1 కోట్లు, నూరుమందికి అయిదు. అయితే మన 7.1 కోట్లలో నమోదైనవి 97 లక్షలే. వాళ్ల సమస్య చట్టం అనుమతించిన తుపాకి. మన సమస్య చట్టం కంటపడని తుపాకి.

2. ఓలేథ: ‘పొరపాటు’ అనే వాదన

2017 ఫిబ్రవరి 22 సాయంత్రం కాన్సాస్ రాష్ట్రం ఓలేథలోని ఆస్టిన్స్ బార్ అండ్ గ్రిల్‌లో ఇద్దరు తెలుగు ఇంజనీర్లు పని ముగించుకుని కూర్చున్నారు. ఇద్దరూ గార్మిన్ కంపెనీ ఉద్యోగులు. ఒకప్పుడు నౌకాదళంలో పనిచేసిన ఆడం ప్యూరింటన్ అనే 51 ఏళ్ల వ్యక్తి వాళ్ల బల్ల దగ్గరికొచ్చి ఏ దేశం, ఏ వీసా అంటూ నిలదీశాడు, తిట్టాడు. అక్కడివాళ్లు అతణ్ని బయటికి పంపేశారు. కొంతసేపటికి అతను తుపాకితో తిరిగొచ్చి, మా దేశం వదిలిపొమ్మని అరుస్తూ కాల్చాడు. 32 ఏళ్ల కూచిభొట్ల శ్రీనివాస్ చనిపోయారు. ఆయన మిత్రుడు గాయపడ్డాడు.

అక్కడే ఉన్న ఇయన్ గ్రిల్లట్ అనే 24 ఏళ్ల అమెరికన్ యువకుడు బల్ల కింద నక్కి, పేలుతున్న గుళ్లను లెక్కపెట్టాడు. తొమ్మిది అయ్యేసరికి తుపాకి ఖాళీ అయిందనుకుని హంతకుణ్ని పట్టుకోవడానికి లేచాడు. లోపల ఇంకా గుళ్లున్నాయి. ఒకటి అతని చేతిని చీల్చుకుని ఛాతీలోకి దిగింది. తుపాకిలో ఎన్ని గుళ్లు పడతాయన్నది చట్టసభల్లో సాంకేతిక వివరంలా వినిపిస్తుంది. ఆ బల్ల కింద అది చావుబతుకుల లెక్క.

హంతకుడు ఆ రాత్రి పక్క రాష్ట్రమైన మిస్సోరీలో మరో రెస్టారెంట్‌కు వెళ్లి, ఇద్దరు ఇరానీయులను కాల్చానని చెప్పుకున్నాడు. ఇరాన్ సహా ఏడు దేశాల వారి రాకను ఆపుతూ అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు వెలువడి అప్పటికి నెల కూడా కాలేదు. ఈ రెండు విషయాలూ బయటపడ్డాక ‘పొరపాటున మనవాళ్లను కాల్చాడు’ అన్న మాట తెలుగు నాట బాగా వ్యాపించింది. బాధలో వచ్చిన మాటే అయినా దాని లోపలి అర్థం భయంకరం. చనిపోయినవాడు నిజంగా ఇరానీయుడైతే పొరపాటు ఉండేది కాదని అది చెప్పకనే చెబుతుంది. 2001 సెప్టెంబరు 15న అరిజోనా రాష్ట్రం మేసాలో బల్బీర్ సింగ్ సోధీని ముస్లిం అనుకుని చంపినప్పుడూ, 2012 ఆగస్టు 5న విస్కాన్సిన్ రాష్ట్రం ఓక్ క్రీక్ గురుద్వారాలో ఆరుగుర్ని బలిగొన్నప్పుడూ ఇదే మాట వచ్చింది. ‘మేము వాళ్లం కాము’ అని చెప్పుకుంటే గురి పక్కవాడి మీదికి జరుగుతుంది, తుపాకి దిగదు. ఈ సంగతి గ్రహించిన సిక్కులు చాలామంది ఆ మాట అనడానికి ఒప్పుకోలేదు. వాళ్ల వైఖరి మనకు పాఠం కావాలి.

ఓలేథ తర్వాత అమెరికాలోని తెలుగు సంఘాల్లో ఒకటి, బహిరంగ స్థలాల్లో మాతృభాషలో మాట్లాడే ముందు ఆలోచించమనీ, వీలైనంత ఇంగ్లిష్‌లో మాట్లాడమనీ తనవారికి సూచించింది. గాయపడిన శ్రీనివాస్ మిత్రుడి తండ్రి, పిల్లల్ని ఇక అమెరికా పంపొద్దని హైదరాబాద్‌లో తల్లిదండ్రులను వేడుకున్నారు. రెండింటి వెనకా ఉన్నది భయమే. ఆ భయాన్ని తప్పుపట్టలేం. కానీ బాధితుడు తన భాషను దాచుకోవడమో, తన ప్రయాణాన్ని మానుకోవడమో పరిష్కారమైతే హంతకుడు కోరినదే నెరవేరినట్టవుతుంది. శ్రీనివాస్ భార్య దుమల సునయన ఇంకో దారి ఎంచుకున్నారు. ద్వేషాన్ని ఆపడానికి ప్రభుత్వం ఏం చేస్తుందని మీడియా ముందు అడిగారు. తర్వాత ‘ఫరెవర్ వెల్‌కమ్’ అనే సంస్థ పెట్టి వలసవారి తరఫున పనిచేస్తున్నారు.

న్యాయస్థానాలు తమ పని చేశాయి. 2018లో కాన్సాస్ కోర్టు హత్యకూ, ఫెడరల్ కోర్టు విద్వేష నేరానికీ జీవిత ఖైదులు విధించాయి. కానీ 2015 జూలై నుంచి కాన్సాస్‌లో అనుమతి పత్రం లేకుండానే తుపాకిని దుస్తుల్లో దాచుకుని తిరగవచ్చు. ఈ చావు ఆ చట్టాన్ని మార్చలేకపోయింది. ద్వేషానికి శిక్ష పడింది, ఆయుధం ప్రశ్న పక్కకు పోయింది.

3. ఆలెన్: పుట్టుక మీద తగువు

మరణాల లెక్కలో ఓలేథ ఘటన సామూహిక కాల్పుల కిందికి రాదు. ఆలెన్ నిస్సందేహంగా వస్తుంది. 2023 మే 6న డాలస్ దగ్గరి ఆలెన్ ప్రీమియం ఔట్‌లెట్స్‌లో ఎనిమిదిమంది చనిపోయారు. వాళ్లలో హైదరాబాద్‌కు చెందిన యువ ఇంజనీరు, కొరియా మూలాలున్న కుటుంబంలో ముగ్గురు, బడికి వెళ్లే అక్కాచెల్లెళ్లు ఉన్నారు. వేరే పనిమీద అక్కడే ఉన్న పోలీసు అధికారి హంతకుణ్ని కాల్చి చంపకపోతే ఇంకెందరు పోయేవారో. 33 ఏళ్ల ఆ హంతకుడి దగ్గర మూడు, కారులో అయిదు తుపాకులు దొరికాయి. అన్నీ చట్టబద్ధంగా సంపాదించినవేనని టెక్సస్ అధికారులు ప్రకటించారు. మానసిక స్థితి కారణంగా 2008లోనే సైన్యం శిక్షణ దశలో పంపేసిన మనిషి అతను.

అతని రాతల్లో, ఒంటిమీది గుర్తుల్లో నాజీ అభిమానం స్పష్టంగా ఉంది. అయినా అతని ఇంటిపేరు హిస్పానిక్ కావడంతో చాలామంది దాన్ని నమ్మలేదు. హిస్పానిక్ యువకుడు నాజీ ఎలా అవుతాడన్న వాదులాటలో రోజులు గడిచాయి. ద్వేషం ఒక రంగువారికే పుడుతుందనే నమ్మకం కూడా దురభిమానమే. మరోవైపు, ఫలానా జాతివారినని కాకుండా ఆ స్థలాన్నే అతను ఎంచుకున్నట్టు కనిపిస్తోందని దర్యాప్తు అధికారులు చెప్పారు. అంటే ద్వేషంతో నిండిన మనిషి చేతికి అంత బలమైన ఆయుధం దొరికాక చివరికి ఎదురుపడిన ప్రతి ఒక్కరూ శత్రువే అయ్యారు.

గవర్నర్ గ్రెగ్ ఆబట్ మూలకారణం మానసిక ఆరోగ్యమన్నారు. కాల్పులు జరిగిన రెండు రోజులకు, మే 8న, సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల కొనుగోలు వయసును 18 నుంచి 21కి పెంచే బిల్లు టెక్సస్ ప్రతినిధుల సభ కమిటీలో 8–5 ఓట్లతో గట్టెక్కింది. 2022 మే 24న యువాల్డీ బడిలో 19 మంది పిల్లలను, ఇద్దరు ఉపాధ్యాయులను పోగొట్టుకున్న కుటుంబాలు దానికోసం నెలల తరబడి తిరిగాయి. గడువు దాటిపోవడంతో బిల్లు సభ ముందుకే రాలేదు. ఆలెన్ హంతకుడికి 33 ఏళ్లు కాబట్టి ఆ బిల్లు ఆ ఎనిమిదిమందిని కాపాడేది కాదన్న మాట నిజమే. అయితే యువాల్డీ హంతకుడికి 18 ఏళ్లు. ఒక చట్టం ప్రతి చావునూ ఆపలేదన్న కారణంతో ఏ చావునూ ఆపనివ్వకపోవడం వాదనగా నిలవదు.

4. క్రైస్ట్‌చర్చ్: రెంటినీ కలిపి చూసిన దేశం

2019 మార్చి 15న న్యూజిలాండ్ నగరం క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో 51 మంది హతులయ్యారు. హైదరాబాద్ నుంచి వెళ్లినవారూ వారిలో ఉన్నారు. ఇక్కడ మనల్ని మనం ఒక ప్రశ్న అడగాలి. ఓలేథలో చనిపోయిన శ్రీనివాస్‌ను ‘మనవాడు’ అన్నంత సులువుగా మసీదులో చనిపోయిన హైదరాబాదీలను అన్నామా? దుఃఖంలో కూడా వాటాలు వేసుకునే సమాజం ఇతరుల ద్వేషాన్ని గట్టిగా ఖండించలేదు.

ప్రధాని జెసిండా ఆర్డెర్న్ ఆరు రోజుల్లోనే సైనిక తరహా సెమీ ఆటోమేటిక్ ఆయుధాలపై నిషేధం ప్రకటించారు. ఏప్రిల్ 10న పార్లమెంటు 119–1 ఓట్లతో చట్టం చేసింది. డబ్బిచ్చి వెనక్కి తీసుకునే పథకంలో ఆ ఏడాది డిసెంబరు నాటికి సుమారు 56 వేల తుపాకులు జనం చేతుల్లోంచి వచ్చేశాయి. హంతకుడి పేరు తన నోట పలకనని ఆర్డెర్న్ అన్నారు. అదే సమయంలో రాయల్ కమిషన్ వేశారు. భద్రతా సంస్థల చూపు అంతా ఇస్లామిక్ ఉగ్రవాదం మీదే ఉండి మిగతా ముప్పులను తగినంతగా పట్టించుకోలేదనీ, హంతకుడి లైసెన్సు విచారణ సరిగా జరగలేదనీ కమిషన్ తేల్చింది. అతని నడత గురించి పోలీసులు అడిగింది ఆన్‌లైన్ ఆటల్లో పరిచయమైన మిత్రుణ్ని, ఆ మిత్రుడి ఇంట్లో పెద్దవారిని. ఒకే విచారణలో ద్వేషానికీ ఆయుధానికీ సంబంధించిన లోపాలు రెండూ బయటపడ్డాయి. ఒకవైపు చూపు తప్పింది, మరోవైపు తలుపు తెరిచే ఉంది.

5. లైసెన్సు, నాటు తుపాకి

మన ఆయుధ చట్టం 1959 నాటిది. 1962 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. తుపాకి ఇక్కడ హక్కు కాదు, అనుమతి. జిల్లా మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టాలి, పోలీసు నివేదిక రావాలి. 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులను స్టేషన్లలో అప్పగించమంటారు. ఈ కట్టుదిట్టం వల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయనడంలో సందేహం లేదు. అయితే చట్టంలోనే ఒక వెసులుబాటు ఉంది. గడువులోగా పోలీసు నివేదిక రాకపోతే అధికారి దానికోసం ఆగకుండా నిర్ణయం తీసుకోవచ్చు. క్రైస్ట్‌చర్చ్ చూశాక ఈ వెసులుబాటును చిన్న విషయం అనుకోలేం.

అదే చట్టంలోని 13వ సెక్షన్ పంట కాపలాకు మందు కూరి పేల్చే తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలు కల్పించింది. నల్లమల అంచు పల్లెల్లో అడవిపందులు ఒక్క రాత్రిలో చేను తవ్విపోసే సంగతి రైతులందరికీ తెలుసు. కాబట్టి ఇక్కడ తుపాకి మీద చర్చ పొలం గట్టు నుంచి మొదలవుతుంది. రైతు అవసరం నిజం. లైసెన్సు లేని నాటు తుపాకి ప్రమాదమూ అంతే నిజం. అది పులుల అభయారణ్యంలో వేటకు వాడుకైతే, ఊరి తగాదాలో మనిషి మీదికీ లేస్తుంది.

6. నల్లమల: తుపాకి మీద చర్చ జరిగిన చోటు

2004 అక్టోబరులో నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ నాయకుడు రామకృష్ణ ప్రభుత్వంతో చర్చలకోసం నల్లమల నుంచి బయటికొచ్చింది ప్రకాశం జిల్లాలోని చిన్నారుట్ల దగ్గర. ఆ నెల నడిమిలో హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి. ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌరస్పందన వేదిక ఏళ్ల తరబడి చేసిన కృషికి అది ఫలితం. ఊళ్లలో ఆయుధాలతో తిరగకూడదని ప్రభుత్వం, ఆయుధం దించబోమని నక్సలైట్లు పట్టుబట్టారు. భూమి ప్రశ్నతో పాటు ఈ ముడి కూడా వీడలేదు. 2005 జనవరిలో చర్చలు తెగిపోయాయి. 2006 జూలైలో, పీపుల్స్‌వార్ విలీనమైన మావోయిస్టు పార్టీ రాష్ట్ర కార్యదర్శి మాధవ్ ఇదే అడవిలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు.

ఆ ఏళ్లలో రెండు తుపాకుల మధ్యా నలిగినవి చెంచు గిరిజనుల గూడేలు. అన్నం పెడితే ఒకరికి అనుమానం, దారి చూపితే ఇంకొకరికి అనుమానం. ‘ఇన్‌ఫార్మర్’ అనే ముద్ర మనిషి చేసిన పనిని బట్టి కాక అతను ఉంటున్న చోటును బట్టి పడింది. పుట్టుకను బట్టి నేరం అంటగట్టడం మనకు కొత్త కాదు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం ఎరుకలవంటి కులాలను మొత్తంగా నేరస్థులుగా రాసిపెట్టింది; స్టూవర్టుపురం ఆ చట్టం కింద ఏర్పడిన సెటిల్మెంటే. 1952లో చట్టం రద్దయినా అనుమానం రద్దు కాలేదు. అడవిలో జంతువు చచ్చినా, ఊళ్లో దొంగతనం జరిగినా మొదటి చూపు ఇంకా వీళ్ల వైపే పోతుంది. ఓలేథలో ముఖం చూసి దేశం నిర్ణయించిన మనిషికీ, ఇక్కడ గూడెం చూసి నేరం నిర్ణయించే మనకూ ఆలోచనలో తేడా లేదు. అక్కడ తుపాకి తేలిగ్గా దొరికింది, ఇక్కడ అంత తేలిగ్గా దొరకదు. మన ఊళ్లలో దురభిమానం సామూహిక కాల్పులుగా మారకపోవడానికి మన మంచితనం కంటే ఆయుధ చట్టమే పెద్ద కారణం.

7. నిర్ధారణలు

మొదటిది, ఆయుధ నియంత్రణ ద్వేషాన్ని పోగొట్టదు, దాని చేతి బలాన్ని తగ్గిస్తుంది. ఆలెన్‌లో ఎనిమిది తుపాకుల్లో ఒక్కటైనా అక్రమం కాదన్న వాస్తవమే దీనికి పెద్ద సాక్ష్యం. రెండవది, హంతకుడి పుట్టుక మీద సాగే చర్చ చట్టం మీద చర్చకు అడ్డుపడుతుంది, పైగా ఆ పుట్టుక గల లక్షలమందిని కొత్త బాధితులను చేస్తుంది. మూడవది, ద్వేషాన్ని గుర్తించకుండా చేసే ఆయుధ చట్టం కూడా గురి తప్పుతుంది. ఎవరిని అనుమానించాలో ముందే నిర్ణయించుకున్న వ్యవస్థ అసలు హంతకుడికి లైసెన్సు ఇస్తుంది.

ఈ ప్రాంతం చేయగలిగినవి ఉన్నాయి. పంట నష్టానికి పరిహారం, సోలార్ కంచెలు వేళకు అందితే నాటు తుపాకికి కారణం తగ్గుతుంది. లైసెన్సు విచారణ స్టేషన్లో కాగితం మీద కాకుండా ఇంటి దగ్గర, ఇరుగుపొరుగును, ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్లను అడిగి జరగాలి. అమెరికా వెళ్లే పిల్లలకు మన కళాశాలలు వీసా కాగితాలతో పాటు అక్కడి పౌరహక్కుల చట్టాలను, విద్వేష నేరం జరిగితే ఎవరికి చెప్పాలో కూడా నేర్పాలి. వాళ్లు అక్కడ ఏ దేశంవాడి మీదైనా, ఏ మతంవాడి మీదైనా జరిగే దాడిని తమమీద దాడిగా ఖండించాలి. ఆ మాట అనే అర్హత వాళ్లకు రావాలంటే చెంచు గూడెం మీద, పక్క వీధిలోని మసీదు మీద మనం మోపే అనుమానాన్ని ముందు ఇక్కడే వదులుకోవాలి. పరాయి నేలమీద మన పిల్లలకు కోరుకునే న్యాయం ఇక్కడ మన పొరుగువారికి ఇచ్చే న్యాయంతోనే బలపడుతుంది.