విదేశీ ప్రయాణ టీకాలు (హిందూపురం, పెనుకొండ, ధర్మవరం)

విదేశీ ప్రయాణ టీకాలు అనగా వేరొక దేశానికి వెళ్ళేవారు ప్రయాణానికి ముందు వైద్యుని సంప్రదించి వేయించుకొనే టీకాలు. వీటిలో కొన్ని నిబంధనల ప్రకారం తప్పనిసరి. తక్కినవి ఆరోగ్యరీత్యా సూచించబడేవి. శ్రీ సత్యసాయి జిల్లా (2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లా) లోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు మూడూ గుంతకల్లు - బెంగుళూరు రైలుమార్గంపై ఉన్నాయి. వీటికి దగ్గరి పెద్ద అంతర్జాతీయ విమానాశ్రయం 2008లో దేవనహళ్ళి వద్ద ప్రారంభమైనది. విమానం దగ్గరే గనుక టీకా సంగతి చివరి వారంలో చూసుకోవచ్చునని అనుకోరాదు. కొన్ని టీకాలకు రోజుల లెక్క ఉన్నది.

ఎల్లో ఫీవర్

ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండాలలోని ఉష్ణమండల దేశాలలో దోమల వలన వ్యాపించే వైరస్ జ్వరము ఇది. పేరులో పసుపు రంగు ఉన్నా, మన ప్రాంతంలో పచ్చకామెర్లు అని పిలిచే వ్యాధి, ఇది ఒకటి కాదు. పసరు మందులతో నయమయ్యేదీ కాదు. మాక్స్ థీలర్ 1930లలో రూపొందించిన 17డి అనే టీకా నేటికీ వాడుకలో ఉన్నది. ఇందుకు ఆయనకు 1951లో నోబెల్ బహుమతి లభించినది.

భారతదేశంలో ఈ వ్యాధి లేదు. కానీ దానిని వ్యాపింపజేసే ఏడిస్ ఈజిప్టై దోమ ఇక్కడ పుష్కలంగా ఉన్నది. డెంగ్యూను వ్యాపింపజేసేది కూడా ఇదే. ఒక్క రోగి వచ్చినా వ్యాధి పాకే ప్రమాదం ఉన్నందున ప్రభుత్వం ఈ విషయంలో కఠినంగా ఉంటుంది. నైజీరియా, కెన్యా, ఉగాండా వంటి దేశాల నుండి ధ్రువపత్రం లేకుండా తిరిగి వచ్చినవారిని ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చును. అనగా వెళ్ళేటప్పుడు ఎవరూ అడగకపోయినా, ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు చిక్కు రావచ్చును.

ఈ టీకాను ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలోనే వేయించుకోవలెను. ఊరి ఆరోగ్య కేంద్రంలోనో, ప్రైవేటు క్లినిక్‌లోనో ఇచ్చిన చీటీ చెల్లదు. ఈ మూడు పట్టణాలవారికి బెంగుళూరులోని కేంద్రాలు దగ్గర. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ కూడా అటువంటిదే. ఒక సీసాలో పలువురికి సరిపడే మందు ఉండి, తెరచిన తరువాత కొద్ది గంటలలోనే వాడవలసి ఉన్నందున, పలు కేంద్రాలలో నిర్ణీత దినాలలోనే టీకా వేస్తారు. ముందుగా విచారించి, పాస్‌పోర్టుతో వెళ్ళవలెను.

ధ్రువపత్రము టీకా వేసిన పది రోజుల తరువాతనే చెల్లుబాటు అవుతుంది. పూర్వం పదేళ్ళకొకసారి మళ్ళీ వేయించుకోవలసి ఉండేది. 2016 జూలై 11 నుండి ఒక్కసారి వేయించుకొన్నది జీవితాంతం చెల్లుతుంది. ఇది బ్రతికి ఉన్న, బలహీనపరచిన వైరస్‌తో చేసిన టీకా. అందువల్ల తొమ్మిది నెలల లోపు శిశువులు, గర్భిణులు, అరవై దాటినవారు, కోడిగ్రుడ్డు పడనివారు ముందుగా వైద్యునికి ఆ సంగతి చెప్పవలెను.

హజ్ యాత్ర

హజ్ యాత్రికులకు నాలుగు రకాల బాక్టీరియా నుండి రక్షణనిచ్చే మెనింజైటిస్ టీకాను సౌదీ అరేబియా తప్పనిసరి చేసినది. 1987లోను, తిరిగి 2000 సంవత్సరంలోను యాత్రాకాలంలో ఈ వ్యాధి ప్రబలడమే ఇందుకు కారణం. అక్కడికి చేరడానికి కనీసం పది రోజుల ముందే దీనిని వేయించుకోవలెను. పిల్లలకు వేసే మెదడువాపు టీకా వేరు, ఇది వేరు; పేర్ల పోలికను బట్టి పొరబడరాదు.

విద్యార్థులు

అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయాలు తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా రెండు మోతాదులకు ఋజువు అడుగుతాయి. మోతాదుల మధ్య కనీసం నాలుగు వారాల వ్యవధి ఉండవలెను. చిన్ననాటి టీకా కార్డు ఇంట్లో భద్రంగా ఉంటే చాలా శ్రమ తప్పుతుంది. అది దొరకనివారు రక్తపరీక్షకో, మళ్ళీ టీకాకో సిద్ధపడవలసి ఉంటుంది.

ఋజువు విలువ ఎంతటిదో కోవిడ్ కాలంలో తెలిసినది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతి 2021 నవంబరు 3న గాని రాలేదు. అంతవరకు ఆ టీకా వేయించుకొన్నవారిని పలు దేశాలు టీకా పొందినవారిగా లెక్కించలేదు. కోవిషీల్డ్ తీసుకొన్నవారిలో చదువుకో, ఉద్యోగానికో విదేశాలకు వెళ్ళేవారికి రెండవ మోతాదు వ్యవధిని 84 రోజుల నుండి 28 రోజులకు తగ్గించి, ధ్రువపత్రంలో పాస్‌పోర్టు సంఖ్య చేర్చే ఏర్పాటును 2021 జూన్‌లో చేశారు.

ఇటు వచ్చేవారు

పుట్టపర్తికి వచ్చే విదేశీ భక్తులు, పెనుకొండ సమీపంలోని కియా కార్ల కర్మాగారానికి వచ్చే కొరియా దేశస్థుల వలన ఈ ప్రాంతానికి రాకపోకలు రెండువైపులా ఉన్నాయి. భారతదేశానికి వచ్చేవారికి సాధారణంగా టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాలు సూచిస్తారు. విదేశాలలో పుట్టి, సెలవులకు తాతగారింటికి వచ్చే పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది. సొంత ఊరే గదా అని తల్లిదండ్రులు వీటిని మరచిపోవడం కద్దు.