కడుపునొప్పి అంతా గ్యాసేనా? క్లోమం వాపు గురించి మన ఇళ్లలో తెలియాల్సినవి

శ్రీవిల్లిపుత్తూరు నుంచి కోవిల్‌పట్టి, విరుదునగర్ దాకా మన తెలుగు ఇళ్లలో కడుపులో ఏ నొప్పి వచ్చినా ముందు వినిపించే మాట ఒక్కటే: "గ్యాస్ పట్టింది." ఓమం నీళ్లు తాగి, మందుల షాపులో ఒక మాత్ర కొనుక్కొని పడుకుంటాం. చాలాసార్లు తగ్గిపోతుంది కూడా. అలా తగ్గని నొప్పుల్లో క్లోమం వాపు ఒకటి. దాన్ని గ్యాస్ అనుకొని తెల్లవారేదాకా ఆగితే ప్రాణం మీదికి రావచ్చు. ఏ నొప్పిని ఇంట్లో చూసుకోవచ్చో, ఏ నొప్పికి వెంటనే బయలుదేరాలో ఇక్కడ చెబుతున్నాం.

క్లోమం ఏం చేస్తుంది?

జీర్ణాశయం వెనక అడ్డంగా, సుమారు 15 సెంటీమీటర్ల పొడవున ఉండే గ్రంథి ఇది. ఇంగ్లీషులో పాంక్రియాస్. మన ఊళ్ల డాక్టర్లు తమిళంలో 'కణైయం' అంటారు. తిన్నది అరగడానికి రసాలను, చక్కెరను అదుపులో ఉంచడానికి ఇన్సులిన్‌ను తయారుచేస్తుంది. ఆ రసాలు చిన్నపేగులోకి చేరాకే పని మొదలుపెట్టాలి. గ్రంథిలో ఉండగానే మొదలుపెడితే గ్రంథినే అరిగిస్తాయి. అదే క్లోమం వాపు, అంటే పాంక్రియాటైటిస్.

ఎందుకు వస్తుంది?

ముఖ్య కారణాలు రెండు: పిత్తాశయంలో రాళ్లు, మద్యం. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు 1000 దాటినా రావచ్చు. కొన్ని మందుల వల్ల, వంశపారంపర్యంగా కూడా వస్తుంది. దక్షిణ భారతంలో మద్యం ముట్టని యువతలోనూ దీర్ఘకాలిక వాపు కనిపిస్తుంది. గ్రంథిలో రాళ్లు ఏర్పడి, తర్వాత షుగరు కూడా వస్తుంది. ఇలాంటి రోగుల్లో చాలామందికి స్పింక్1 అనే జన్యువులో మార్పులు ఉన్నట్టు హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అక్కడి జీర్ణకోశ వైద్యులు 2002లో చూపించారు. కాబట్టి ఈ జబ్బు వచ్చిందనగానే "తాగుతాడేమో" అని అనుమానించడం తప్పు. తాగే అలవాటు ఉంటే మాత్రం డాక్టరు దగ్గర దాచకూడదు.

ఎలా గుర్తుపట్టాలి?

పైకడుపులో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి మొదలై వీపులోకి పాకుతుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది, ముందుకు వంగి కూర్చుంటే కాస్త తగ్గుతుంది. వాంతులు ఆగవు. జ్వరం, కళ్లు పచ్చబడటం, ఊపిరాడకపోవడం ఉంటే ఇంకా ప్రమాదం. అప్పుడు ఇంట్లో ఏమీ తినిపించకుండా 108కి ఫోన్ చేయండి. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో నొప్పి ఉంటే అది గుండెపోటు కావచ్చు. దానికీ ఆలస్యం వద్దు.

వైద్యం ఏమిటి?

రక్తంలో లైపేజ్ లేదా అమైలేజ్ పరీక్ష, కడుపు స్కాన్ చేస్తారు. సెలైన్, నొప్పి తగ్గించే మందులు మొదటి వైద్యం. వాంతులు తగ్గి, తినగలిగితే త్వరగానే ఆహారం మొదలుపెడతారు. ఇన్‌ఫెక్షన్ లేకపోతే యాంటీబయాటిక్స్ అవసరం లేదు. సుమారు 80 శాతం మందికి జబ్బు తేలికగానే ఉండి, వారం రోజుల్లో కోలుకుంటారు. మిగిలినవారికి ఐసీయూ అవసరం కావచ్చు.

పిత్తాశయ రాళ్లే కారణమైతే, జబ్బు తేలికగా ఉన్నవారికి వీలైనంతవరకు అదే విడతలో పిత్తాశయం తీసేయడం మేలు. "నొప్పి పోయిందిగా, తర్వాత చూద్దాం" అని ఇంటికి వచ్చేస్తే మళ్లీ రావచ్చు. దీర్ఘకాలిక వాపు ఉన్నవారు భోజనంతోపాటు ఎంజైమ్ మాత్రలు వేసుకోవాలి, షుగరు చూపించుకుంటూ ఉండాలి. మద్యం, పొగ పూర్తిగా మానాలి.

మిగతా కడుపు బాధలు

గుండెల్లో మంటకు రాత్రి భోజనం నిద్రకు రెండు మూడు గంటల ముందే ముగించడం, బరువు తగ్గడం మంచి మందు. అల్సర్‌కు కారమొక్కటే కారణం కాదు. చాలావాటికి హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా కారణం. దాన్ని కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. ఒళ్లునొప్పుల మాత్రలు తరచూ మింగడం ఇంకో కారణం. విరేచనాలకు మొదటి మందు ఓఆర్‌ఎస్. పాకెట్ మీద రాసినంత నీళ్లలోనే కలపాలి.

2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన పాల్‌కోవా గానీ, విరుదునగర్ నూనె పరోటా గానీ ఒక్కరోజు తిన్నంత మాత్రాన క్లోమం పాడవదు. కానీ పిత్తాశయంలో రాళ్లున్నవారికి కొవ్వెక్కువ తిన్నాక నొప్పి లేవవచ్చు. తిన్న ప్రతిసారీ కుడి పక్కటెముకల కింద నొప్పి వస్తే స్కాన్ తీయించుకోండి. 'పిత్తప్పై కల్' అని డాక్టరు చెబితే అది పిత్తాశయంలో రాయి.

నల్లటి మలం, రక్తవాంతి, మింగలేకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే మాత్రల షాపు దగ్గర ఆగకూడదు. పెద్దవాళ్లు "గ్యాసేలే, పోనీ" అన్నా, ఒకసారి వీపు సంగతి అడగండి. నొప్పి వీపులోకి పాకుతోందంటే బయలుదేరాల్సిందే.